వాద్యమునకు తన పేరిచ్చిన ఆడాల్ఫ్ సాక్స్

విద్యార్థులారా! మన నంగలి చుట్టుపట్ల పల్లెలలో కురుక్షేత్ర నాటకమాడు రాత్రులయందు రంగస్థలమునకు ప్రక్కగా కూర్చుండి, ఒక చేత తిత్తి నాడించుచు, మఱియొక చేత మెట్లు నొక్కుచు పాత్రధారులకు శ్రుతి నందించు వ్యక్తిని మీరందఱును చూచియే యుందురు. అతనిని మనవారు హార్మోని మేష్ట్రు అందురు. ఆ వాద్యమును కొందఱు హార్మోనియమనియు, కొందఱు హార్మోని యనియు, కొందఱు కేవలము పెట్టె యనియు వ్యవహరింతురు. ఇక మన రాష్ట్రమున పెండ్లి యూరేగింపులలో నాదస్వరమునకు ప్రక్కన, ఒక్కొక్కప్పుడు దానికి బదులుగా, బంగారు వన్నెతో మెఱయుచు ఏనుగు తొండమువలె వంగిన వాద్యమొకటి కనబడుచున్నది. దానిని సాక్సఫోను అందురు.

ఈ రెండు పేర్లను మనము ఎవరి అనుమతియు లేకుండ పలుకుచున్నాము. కాని ఒకప్పుడు పారిస్ నగరమున హార్మోనియమను పేరును ఒక్క కార్ఖానాదారుడు తప్ప ఇతరులు తమ సరకునకు పెట్టరాదని కట్టడి యుండెను. సాక్సఫోనును ఒక్కని అనుమతితో తప్ప వేఱొకరు చేయరాదని చట్టముండెను. అట్లయిన వాద్యము పేరునకు నిజమైన యజమాను డెవరు? చేసినవాడా, చట్టమా, వాయించువాడా? ఈ ప్రశ్నకు సమాధానము ఆడాల్ఫ్ సాక్స్ అను మహాశిల్పి జీవితమున మనకు లభించును.

బాల్యము

సాక్స్ 1814వ సంవత్సరము నవంబరు 6వ తేదీన, నేటి బెల్జియము దేశమున మ్యూజ్ నదీతీరమందలి డినాన్ పట్టణమున జన్మించెను. అప్పటికి బెల్జియము అను రాజ్యము ఇంకను ఏర్పడలేదు. డినాన్ పట్టణము తరతరములుగా రాగి, ఇత్తడి సామానులకు పేరొందినది. తండ్రి చార్లెస్ జోసెఫ్ సాక్స్ మొదట కొయ్యపని నేర్చి, పిదప వాద్యనిర్మాతయై, బ్రస్సెల్సు నగరమున కార్ఖానా నెలకొల్పెను. పిల్లవానికి పెట్టిన పేరు ఆంత్వాన్ జోసెఫ్. అయినను ఇంటిలోను వీధిలోను అందఱును ఆడాల్ఫ్ అనియే పిలిచిరి. ఆ పిలుపే చరిత్రలో నిలిచినది.

ఈ బాలునికి కలిగినన్ని గండములు మఱెవ్వరికిని కలిగి యుండవు. మూడంతస్తుల యెత్తునుండి పడి తలకు గాయము చేసికొనెను. సూదిని మ్రింగెను. పాలనుకొని గంధకామ్లము కలిసిన నీటిని త్రాగెను. తుపాకిమందు పేలి ఒడలు కాలెను. నదిలో పడి కొట్టుకొనిపోవుచుండగా ఎవరో గట్టునకు చేర్చిరి. ఇట్లు ఎన్నో మారులు చావు గడప త్రొక్కి మరలి వచ్చెను. ఇరుగుపొరుగువారు వీడు బ్రతుకు పిల్లవాడు కాడని తలచిరట. కాని బ్రతికెను. బ్రతికి, తండ్రి కార్ఖానాలోని పనిముట్లనే ఆటవస్తువులుగా చేసికొని పెరిగెను.

బ్రస్సెల్సులో వేణువును క్లారినెట్టును శాస్త్రీయముగా అభ్యసించెను. వాద్యమును వాయించుట, వాద్యమును చేయుట అను రెండు విద్యలు ఒక్కనియందే కుదురుట అరుదు. సాక్సునకు అవి రెండును అబ్బినవి. అందువలననే వాయించువాని వ్రేళ్ల కష్టమేమో, వినువాని చెవి కోరునదేమో అతడు చక్కగా నెఱుగును. 1838లో మంద్రస్వరము పలుకు క్లారినెట్టును సంస్కరించి పేటెంటు పొందెను. 1841లో బ్రస్సెల్సున జరిగిన వస్తుప్రదర్శనమున అతని పనితనమునకు బంగారు పతకము రావలసియుండగా, వయస్సు చాలదను నెపమున న్యాయనిర్ణేతలు అంతకు తక్కువ బహుమతిని ఈయజూపిరి. అతడు దానిని నిరాకరించెను.

పారిస్ ప్రవేశము

1842లో సాక్స్ పారిస్ చేరెను. అప్పుడు వాని జేబులో నుండినవి 30 ఫ్రాంకులు మాత్రమే యందురు. ఆ నగరమున ప్రసిద్ధ స్వరకర్తయు విమర్శకుడు నగు బెర్లియోజ్ ఆ యువకుని వాద్యములను చూచి, విని, పత్రికలో మిక్కిలిగా మెచ్చుకొనుచు వ్రాసెను. ఆ వ్యాసముతో సాక్స్ పేరు పారిసంతట మ్రోగెను. 1844 ఫిబ్రవరిలో బెర్లియోజ్ నడపిన కచ్చేరీయందు సాక్స్ తానే తన క్రొత్త వాద్యమును వాయించెను.

ఆ క్రొత్త వాద్యమెట్టిది? తంత్రీవాద్యములకు మార్దవము కలదుగాని ఆరుబయట వినబడు బలము లేదు. ఇత్తడి కొమ్ములకు బలము కలదుగాని మార్దవము తక్కువ. ఈ రెంటికిని నడుమ నిలుచు ధ్వనిని సాక్స్ కోరెను. నాదస్వరమువలె క్రిందికి పోవుకొలది వెడల్పగు గొట్టమును ఇత్తడితో చేసెను. నోటికొనయందు క్లారినెట్టునకువలె రెల్లుతో చేసిన పలుచని నాలుకను ఒక్కదానిని బిగించెను. రంధ్రములను మూయుటకు మీటలను అమర్చెను. దేహము ఇత్తడియైనను పలుకు నాలుక రెల్లుదగుటచేత సంగీతజ్ఞులు దీనిని కొయ్య సుషిరవాద్యముల జాతిలోనే చేర్చుదురు. తన ఇంటిపేరునకు ధ్వని యను అర్థముగల గ్రీకు పదమును జోడించి, దానికి సాక్సఫోను అని నామకరణము చేసెను. 1846లో దీనికి 15 సంవత్సరముల పేటెంటు లభించెను.

ఇంతకుముందే అతడు మీటలు గల ఇత్తడి కొమ్ములను ఒక కుటుంబముగా కూర్చి యుండెను. చిన్నదానినుండి పెద్దదానివఱకు అన్నియు ఒకే పద్ధతిని వ్రేళ్లతో వాయింపదగినవి. వీనికి సాక్సుహారను లని పేరు. వీనికి తోడు సాక్సొత్రోంబా అని మఱియొక కుటుంబమును కలదు. ఇట్లు చేసిన ప్రతి వాద్యమునకును తన ఇంటిపేరే ముందుంచెను. ఇది గర్వమని శత్రువులనిరి. పనివాని ముద్ర యని మిత్రులనిరి.

1845వ సంవత్సరము ఏప్రిలు 22వ తేదీన పారిసునందలి షాన్ ద మార్స్ మైదానమున వింతయైన పోటీ జరిగెను. ఒకవైపు పాత పద్ధతి సైనిక బ్యాండు, మఱియొకవైపు సాక్స్ వాద్యములతో కూడిన బ్యాండు. చూడవచ్చిన జనము 20,000 అని చెప్పుదురు. సాక్స్ పక్షమున కొందఱు వాదకులు చివరి క్షణమున రాకపోగా అతడే వారి లోటు తీర్చవలసివచ్చెనట. అయినను ప్రజలు కరతాళధ్వనులతో సాక్స్ పక్షమునే గెలిపించిరి. ఫ్రెంచి ప్రభుత్వము సైనిక బ్యాండులయందు అతని వాద్యములను ప్రవేశపెట్టెను.

ఒకే నగరము, ఒకే కాలము, ఇంకొక పేరు

ఇచ్చట కథను కొంత ఆపి మన హార్మోనియమును తలచుకొందము. సాక్స్ పారిస్ చేరిన ఆ 1842లోనే, ఆ నగరముననే, అలెగ్జాండర్ ఫ్రాంస్వా దెబెన్ అను శిల్పి హార్మోనియమునకు పేటెంటు పొందెను. గాలి తగిలి ఇత్తడి నాలుకలు కంపించుటచే ధ్వని పుట్టించు పెట్టెలు అంతకు మునుపును గలవు. వానిని సంస్కరించి, హార్మోనియమను ఇంపైన పేరు పెట్టి, ఆ పేరును తనకే దక్కునట్లు దెబెన్ కట్టుదిట్టము చేసికొనెను.

అప్పుడేమి జరిగినది? తక్కిన కార్ఖానాలవారు దాదాపు అదే వాద్యమును చేయుచు వేఱు పేర్లు వెదకికొనవలసివచ్చెను. అలెగ్జాండర్ కంపెనీవారు దానిని ఆర్గ్ మెలోడియము అనిరి. మఱికొందఱు పాత మాటను పట్టుకొని ఆర్గ్ ఎక్స్‌ప్రెసిఫ్ అనిరి. వాయించువాడు ఒక్కడే, నొక్కు మెట్లు ఒక్కటే. అంగడి మారినకొలది పేరు మారుచుండెను. కాని కాలక్రమమున వాదకులకు ఇన్ని పేర్లు బరువైనవి. వారు పలుకుటకు సులువై, చెవికి ఇంపైన హార్మోనియమునే ఏరుకొని అన్నింటికిని అదే వాడసాగిరి. దెబెన్ 1877లో మరణించెను. అతడు కాపాడుకొనిన పేరు లోకమంతటికిని సొత్తయ్యెను. కలకత్తాలో ద్వారకానాథ ఘోష్ స్థాపించిన ద్వార్కిన్ సంస్థ 19వ శతాబ్దపు చివరి భాగమున, నేలపై కూర్చుండి చేతితో తిత్తి నాడించుటకు వీలగు పెట్టెలను ప్రచారమునకు తెచ్చెను. ఆ పెట్టెయే తెలుగు నాటకరంగమున పద్యమునకు ప్రాణమైనది. మన హార్మోని మేష్ట్రులలో దెబెన్ పేరు విన్నవారు ఎందఱుందురు? అతడు పెట్టిన పేరును పలుకనివా రెవరుందురు?

వ్యాజ్యములు, కష్టములు

ఇక సాక్స్ కథకు మరలుదము. అతని విజయము పారిస్ వాద్యనిర్మాతలకు కంటగింపయ్యెను. సైన్యమునకు సరకు అమ్ముకొనుట వారి జీవనాధారము. వారు ఏకమై, సాక్స్ కనిపెట్టినది క్రొత్తది కాదనియు, పేటెంటులు చెల్లవనియు న్యాయస్థానమున దావా వేసిరి. జర్మనీయందు వీప్రెక్ట్ అను సైనిక సంగీతాధికారియు, ఇట్టి కొమ్ములు తన దేశమున పూర్వమే కలవని వాదించెను. శత్రువులు సాక్స్ వాద్యములనే కొని, వానిపైనున్న అతని ముద్రను చెఱిపి, విదేశపు ముద్రలు వేయించి, పాతవని న్యాయస్థానమున చూపిరని యొక కథ ప్రచారమున కలదు. అది ఎంతవఱకు నిజమైనను, ఆనాడు లోహముపై చెక్కిన పేరునకు ఎంత విలువ యుండెనో దానివలన తెలియుచున్నది.

1848 ఫిబ్రవరి విప్లవమున రాజు సింహాసనము విడిచిపోగా సాక్సునకు రాజాశ్రయము తొలగెను. సైనిక బ్యాండుల ఉత్తరువు రద్దయ్యెను. 1852లో అతడు దివాలా తీసెను. 1854లో మూడవ నెపోలియను చక్రవర్తి ఆదరముతో తిరిగి నిలద్రొక్కుకొనెను. ఆ యేటనే న్యాయస్థానము అతని హక్కులను స్థిరపఱచెను. ఇంతలో పెదవిపై కాన్సరు కంతి లేచి, వాద్యము నోట పెట్టుకొనుటయు కష్టమయ్యెను. కొన్నియేండ్లు బాధపడి 1859లో స్వస్థుడయ్యెను. 1857 నుండి 1870 వఱకు పారిస్ సంగీత కళాశాలలో సైనిక విద్యార్థులకు సాక్సఫోను నేర్పెను. ఫ్రాన్సునకు ప్రష్యాకు యుద్ధము రాగా ఆ తరగతి మూతపడెను. మరల 1942లో గాని అచ్చట సాక్సఫోను తరగతి తెఱువబడలేదు.

ఒకే యింటిపేరు, రెండు గతులు

సాక్స్ తన ఇంటిపేరు నిచ్చిన వాద్యకుటుంబములలో రెంటిని చూతము! వానిలో ఒకదానికి పేరు నిలిచెను, రెండవదానికి చాలచోట్ల జారిపోయెను. ఇది మిక్కిలి గమనింపదగిన విషయము.

ఇంగ్లండు దేశమున డిస్టిన్ అను తండ్రియు అతని కుమారులును ఊరూర తిరిగి కొమ్ములు వాయించు వృత్తి గలవారు. వారు 1844లో పారిస్ వచ్చి, సాక్స్ వాద్యములను చూచి, వానినే వాయింపసాగిరి. కుమారులలో హెన్రీ డిస్టిన్ లండనులో అంగడి పెట్టి, సాక్సునకు ఏజెంటుగా సాక్సుహారనులను అమ్మెను. ఆ కాలమున ఆంగ్లేయ వాదకులందఱును ఆ పేరే పలికిరి. 1850వ దశకమున ఏజెన్సీ సంబంధము తెగెను. డిస్టిన్ కుటుంబమువారు అట్టి కొమ్ములనే తామే చేసి తమ పేరున అమ్ముకొనిరి. ఏజెన్సీతోపాటు పేరును సడలసాగెను. నేడు ఆంగ్లదేశపు ఇత్తడి బ్యాండులలో ఆ వాద్యమునే టెనరు హారను అనియు, దానికంటె పెద్దదానిని బారిటోను అనియు అందురు. అమెరికాలో ఆల్టో హారను అందురు. ఫ్రాన్సున మాత్రము సాక్సుహారను అను పేరు నేటికిని చెల్లుచున్నది. ఫ్రెంచి బాలుడును ఆంగ్ల బాలుడును దాదాపు ఒకే కొమ్మును నోట నుంచుకొని, ఒకడు సాక్సును తలచును, ఇంకొకడు తలపడు.

సాక్సఫోను గతి వేఱు. దాని పేటెంటును 1860లో మఱి 5 సంవత్సరములు పొడిగించిరి. 1866లో గడువు తీరెను. తీరినదే తడవుగా ఇతర కార్ఖానాలు ఆ వాద్యమును చేయ మొదలిడెను. మిల్లెరో అను నిర్మాత తన సరకునకు సాక్సఫోన్ మిల్లెరో అని పేరు పెట్టెను. అనగా పేరునకు తోక తగిలించెనే గాని, మొదటి పేరును తీసివేయలేదు. పేటెంటు పోవుటవలన సాక్సునకు ధననష్టము కలిగెను. ఆ నష్టము వెంటనే వాద్యము పేరు అందఱి నోటికిని అందెను. సాక్సఫోను అను మాటను దెబెనువలె తనకే కట్టివేసికొని యుండినచో, ప్రత్యర్థులు వేఱు పేరు కల్పించియుందురు. బహుశః మనమును నేడు ఆ వేఱు పేరే పలుకుచుందుము.

ఇట్టిది తరువాతి కాలమునను జరిగినది. అమెరికాలో 1920వ దశకమున లోహపు పలకలను కొట్టి వాయించు క్రొత్త వాద్యమునకు లీడీ కంపెనీ వైబ్రఫోను అని పేరుపెట్టెను. ప్రత్యర్థియగు డీగన్ కంపెనీ అట్టిదానినే సంస్కరించి వైబ్రహార్పు అని అమ్మెను. వాదకులు ఈ రెండు పేర్ల జగడమును పట్టించుకొనక, క్లుప్తముగా వైబ్సు అనుచు సమస్యను తీర్చుకొనిరి.

ఇచ్చట రెండు హక్కుల భేదమును మీరు తెలిసికొనవలెను. పేటెంటు అనునది క్రొత్తగా కనిపెట్టిన వస్తువుపై కొంతకాలము మాత్రమే చెల్లు హక్కు. నేడు మన దేశమున దాని గడువు 20 సంవత్సరములు. ట్రేడుమార్కు అనునది వర్తకుని పేరుపైనను గుర్తుపైనను గల హక్కు. 1999 నాటి మన చట్టము ప్రకారము అది 10 సంవత్సరములకొకమారు పునరుద్ధరింపదగినది. కాని ఆ మాట జనవ్యవహారమున వస్తువునకే పేరైపోయినచో, ఇది నా సొత్తు అని వర్తకుడు వాదించుట కష్టమగును. ఈ హక్కులు చెడ్డవని మీరు తలపరాదు. నకిలీ సరకును అసలు శిల్పి పేరున అమ్మువారినుండి అతని కూటిని కాపాడునవి ఇవియే. ముద్ర చెఱిపినవారు సాక్సునకు చేసిన అన్యాయము చిన్నది కాదు.

అంతిమదశ

పేటెంటులు తీరిన పిదప సాక్సునకు కష్టములు హెచ్చినవి. 1873లోను, మరల 1877లోను దివాలా తీసెను. జీవితమంతయు ప్రోగుచేసిన వాద్యములను 1877లో వేలము వేయవలసివచ్చెను. చాతుర్యముతో చేసిన చేతులే వట్టిచేతులుగా మిగిలెను. 1894వ సంవత్సరము ఫిబ్రవరి 7వ తేదీన పారిసున మరణించెను. మోంమార్త్ర్ శ్మశానవాటికయందు అతని సమాధి కలదు. కుమారుడు కొంతకాలము కార్ఖానాను నడపెను. 1929లో సెల్మర్ కంపెనీవారు దానిని కొనిరి.

సాక్స్ మరణించునాటికి అతని వాద్యము ముఖ్యముగా సైనిక బ్యాండులలోనే వినబడుచుండెను. 20వ శతాబ్దమున అమెరికాలోని నల్లజాతి సంగీతవిద్వాంసులు దానిని జాజ్ సంగీతమునకు కంఠమువలె చేసికొనిరి. బెల్జియము ప్రభుత్వము తన 200 ఫ్రాంకుల నోటుపై సాక్స్ చిత్రమును ముద్రించి గౌరవించెను. 2002లో యూరో నాణెము వచ్చువఱకు ఆ నోటు చెల్లెను. అప్పులవాండ్ర కాగితములతో జీవితము గడపినవాని ముఖము దేశపు ధనముపై నిలుచుట విధివిలాసము.

మన కర్ణాటకమునను సాక్స్ పేరు మ్రోగినది. దక్షిణ కన్నడ జిల్లాకు చెందిన కద్రి గోపాలనాథ్ నాదస్వర విద్వాంసుని కుమారుడు. మైసూరు రాజభవనపు బ్యాండులో సాక్సఫోనును విని మోహితుడై, దానిని గమకములకు అనువుగా మార్పించుకొని, కర్ణాటక సంగీతమును పలికించెను. 1994లో లండను రాయల్ ఆల్బర్ట్ హాలునందు వాయించెను. 2004లో పద్మశ్రీ బిరుదమును పొంది, 2019లో కీర్తిశేషుడయ్యెను. డినాన్ శిల్పి ఇంటిపేరు త్యాగరాజకృతుల సభలలో వినబడునని ఆ శిల్పి కలనైనను తలచియుండునా?

ముగింపు

హొయసల రాజుల శాసనములయందు వారి రాజ్యమునకు తూర్పు ఎల్లగా మన నంగలి పేర్కొనబడినది. ఆ రాజ్యము పోయినది. ఎల్లలు ఎన్నోమారులు మారినవి. ఎల్లకు ఇరుప్రక్కల పలుకబడు మాటలు మాత్రము జనుల నోళ్లయందు బ్రతికి వచ్చినవి. మీరు ఇంట తెలుగును, అంగడిలో కన్నడమును పలుకుదురు. ఒకే వస్తువునకు రెండు పేర్లు నేర్తురు. అందుకు సిగ్గుపడవలసిన పని లేదు. సాక్స్ కథ మనకు తెలుపునది ఇదియే. చట్టము పేరును కొంతకాలము కాపాడగలదు, ఇతరుల నోట పలుకనీయక ఆపగలదు. దానిని బ్రతికించుట మాత్రము దినదినము పలుకువారి చేతిలోనున్నది. సాక్సుహారను పలుకువారు లేనిచోట అణగినది. సాక్సఫోను పలుకువారు కలిగి నిలిచినది.

తలిదండ్రులారా! బడి బల్లపై వ్రాసినంత మాత్రమున తెలుగు నిలువదు. రాత్రి భోజనమువేళ మీ పిల్లలతో వస్తువుల పేర్లు తెలుగున పలుకుడు. విద్యార్థులారా! ఈసారి నాటకమునకు పోయినప్పుడు హార్మోని మేష్ట్రు ప్రక్కన కొంతసేపు కూర్చుండి, ఆ పెట్టెలోని భాగములకు ఆయన వాడు పేర్లను అడిగి, మీ నోటు పుస్తకమున వ్రాసికొనుడు. ఆ మాటలు ఏ కంపెనీ సొత్తును కావు. పలికిన నాళ్లు మీవే.